బీపీ బాగుంటే గుండె బాగున్నట్టేనా? గర్భిణికి ఆపరేషన్ జరిగేటప్పుడు మానిటర్ చెప్పేవి, చెప్పనివి

"బీపీ బాగుందని నిన్ననే చెప్పినారు కదప్పా, మళ్లా గుండె డాక్టరు దగ్గరికి ఎందుకు పంపుతా ఉండారు?"

తిరుపతిలో ఒక ఆసుపత్రి వరండాలో మా పెద్దమ్మ నన్ను అడిగిన మాట ఇది. ఆమె చేతిలో వదిన ఫైలు ఉంది. వదినకు అప్పటికి ఎనిమిదో నెల దాటింది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, సిజేరియన్ చేయాల్సి రావచ్చన్నారు. ఫైలులో కొత్తగా మూడు కాగితాలు చేరాయి: టూడీ ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, కార్డియాలజీ ఒపీనియన్ రాసిన చీటీ, హై రిస్క్ అని పైన రాసిన సంతకాల ఫారం. ఆ మూడోదాన్ని చూశాకే పెద్దమ్మకు టెన్షన్ పట్టుకుంది.

"జాగ్రత్త కోసమేలే పెద్దమ్మా" అని తప్పించుకున్నాను. కానీ ఆమె అడిగింది నిక్కచ్చైన ప్రశ్న. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. అంటే ఆపరేషన్ టేబుల్ ఎక్కే గర్భిణి లేని వీధి మన వైపు ఉండదు. ఆ టేబుల్ పక్కన ఉండే మానిటర్ మీద కదిలే అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలిస్తే ఆ మూడు కాగితాలూ అర్థమవుతాయి.

కత్తి పడకముందే గుండె మెట్లెక్కుతూ ఉంటుంది

మామూలు రోజుల్లో ఒక స్త్రీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి తోస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే 4,900 మిల్లీలీటర్లు. ఐదు లీటర్లకు కాస్త తక్కువ. డాక్టర్లు దీన్ని కార్డియాక్ అవుట్‌పుట్ అంటారు. మనం 'గుండె తోడే రక్తం' అనుకుందాం.

ఎనిమిదో నెలలో ఇదే లెక్క వేద్దాం. ఒక్కో కొట్టుకు 85 మిల్లీలీటర్లు, నిమిషానికి 85 సార్లు అనుకుంటే 7,225 మిల్లీలీటర్లు. ఏడు లీటర్ల పైమాటే. దాదాపు సగం పని పెరిగిపోయింది, అదీ మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నప్పుడు. ఒంట్లో రక్తం కూడా 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎర్రకణాలు అంతగా పెరగవు కాబట్టి రక్తం పలచబడుతుంది. రక్తనాళాలు వదులవుతాయి. అందుకే నడినెలల్లో బీపీ కొంచెం దిగుతుంది.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. ఆరోగ్యంగా ఉన్న గుండెకు నిండు గర్భమంటే గాలిగోపురం దాకా ఎక్కినట్టు. ఆయాసం ఉంటుంది, ఇంకా ఎక్కే సత్తువా ఉంటుంది. లోపమున్న గుండె కూడా అదే గాలిగోపురం దగ్గర నిలబడి ఉంటుంది కానీ, అప్పటికే మోకాళ్ల పర్వతం ఎక్కినంతగా అలసిపోయి ఉంటుంది. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకచోటే కనిపిస్తారు.

చిక్కు అక్కడే ఉంది. ఆయాసం, కాళ్ల వాపులు, గుండె దడ ఆరోగ్యమైన గర్భిణికీ ఉంటాయి, గుండె జబ్బున్న గర్భిణికీ ఉంటాయి. ఈసీజీలో కూడా గర్భం వల్లే చిన్న చిన్న మార్పులు వస్తాయి. పొట్ట పైకి నెట్టడంతో గుండె కాస్త ఎడమకు ఒరుగుతుంది మరి. స్టెతస్కోపులో వినిపించే చప్పుళ్లలో గుండె ముడుచుకునేటప్పుడు వచ్చే మెత్తని చప్పుడు గర్భిణుల్లో మామూలే. గుండె వదులై నిండే సమయంలో చప్పుడు వస్తే మాత్రం మామూలుగా తీసుకోరు. అప్పుడు టూడీ ఎకో రాస్తారు. వదినకు రాసింది అందుకే.

బీపీ అనే అంకె వెనక రెండు అంకెలు

మిద్దె మీద మోటారు ఆన్ చేసి, ట్యూబు చివర బొటనవేలితో సగం మూసి చూడండి. నీళ్లు జోరుగా చిమ్ముతాయి. ప్రెషర్ పెరిగిందనిపిస్తుంది. కానీ బకెట్ నిండటానికి మాత్రం ముందుకంటే ఎక్కువసేపు పడుతుంది.

బీపీ కూడా అంతే. గుండె ఎంత రక్తం తోడుతోంది, నాళాలు ఎంత బిగుసుకుని ఉన్నాయి అనే రెండూ కలిస్తే వచ్చే అంకె అది. మొదటిది తగ్గి రెండోది పెరిగితే బీపీ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. చేతికి కట్టిన పట్టీ ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు.

సిజేరియన్‌లో రోజూ జరిగే ఉదాహరణే తీసుకుందాం. నడుముకు ఇంజెక్షన్ ఇస్తారు. దాన్నే స్పైనల్ అంటారు. కొద్ది నిమిషాల్లో నడుము కింది నాళాలన్నీ వదులవుతాయి, బీపీ పడిపోతుంది. వాంతి వచ్చేట్టుందని, కళ్లు తిరుగుతున్నాయని చాలామంది చెప్పేది అప్పుడే. మత్తు డాక్టరు వెంటనే నాళాలను బిగించే మందు ఇస్తారు. ఎక్కువగా వాడేది ఫినైలెఫ్రిన్. బీపీ మళ్లీ 120కి వస్తుంది. ఈ మందుకు ఒక గుణం ఉంది: బీపీ పెంచుతూ నాడిని తగ్గిస్తుంది. 85 ఉన్న నాడి 55కు దిగిందనుకోండి. కొట్టుకు అదే 85 మిల్లీలీటర్లయితే గుండె తోడేది 4,675. ఏడు లీటర్ల పైన ఉన్నది నాలుగున్నర చిల్లరకు వచ్చింది. మూడో వంతు పోయింది, బీపీ అంకె మాత్రం ముందున్నట్టే ఉంది.

బిడ్డకు రక్తం అందించే మాయకు (ప్లాసెంటా) వెళ్లే రక్తం నెలలు నిండేసరికి నిమిషానికి దాదాపు 700 మిల్లీలీటర్లు. మెదడుకున్నట్టు తన వాటా తాను సర్దుకునే ఏర్పాటు మాయకు పెద్దగా లేదు. తల్లిలో తగ్గితే అక్కడా తగ్గుతుంది. అందుకే అనుభవమున్న మత్తు డాక్టర్లు బీపీ పక్కనే నాడినీ చూస్తుంటారు. గుండె తోడే రక్తం గురించి, ఖరీదైన యంత్రాలేవీ లేకుండా దొరికే మంచి ఆచూకీ అదే. ఆరోగ్యమైన గర్భిణికి చాలావరకు అది సరిపోతుంది కూడా.

రక్తస్రావంలోనూ ఇదే కథ. వయసులో ఉన్న ఆడవాళ్లకు చాలా రక్తం పోయేదాకా బీపీ నిలబడుతుంది, తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. నాడిని పై బీపీతో భాగించి చూసే ఒక పాత చిట్కా ఉంది, షాక్ ఇండెక్స్ అంటారు. నాడి 84, బీపీ 120 అయితే 0.7, ఫరవాలేదు. నాడి 120, బీపీ 108 అయితే 1.1. విడిగా చూస్తే 108 భయపెట్టే అంకె కాదు. భాగించి చూస్తే భయపెడుతుంది.

వెల్లకిలా పడుకుంటే చేతికి తెలియని సంగతి

ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు వెన్నెముక పక్కనుంచి వెళ్లే పెద్ద సిర మీద పడుతుంది. కాళ్ల వైపు నుంచి గుండెకు తిరిగి రావాల్సిన రక్తం అక్కడ ఆగుతుంది. రాని రక్తాన్ని గుండె తోడలేదు కదా. పక్కనే ఉన్న బృహద్ధమని కూడా నలిగితే, చేతికి కట్టిన పట్టీలో బీపీ బాగానే ఉంటూ, కింద గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గవచ్చు.

అందుకే టేబుల్‌ను ఎడమకు 15 డిగ్రీలు వంచడం లేదా కుడి తుంటి కింద మెత్త పెట్టడం దశాబ్దాలుగా వస్తున్న అలవాటు. ఇక్కడ నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. ఎంఆర్‌ఐలో చూస్తే 15 డిగ్రీలకు ఆ సిర పెద్దగా తెరుచుకోలేదని, 30 డిగ్రీలు కావాలని తేలింది. 30 డిగ్రీలు వంచితే ఆపరేషన్ చేసేవాళ్లకు కష్టం. మరోవైపు, బీపీని మందుతో గట్టిగా నిలబెడుతుంటే ఆరోగ్యమైన తల్లుల్లో వంచకపోయినా బిడ్డకు తేడా కనిపించలేదని ఇంకో పరిశోధన చెప్పింది. అయితే అది ఆరోగ్యమైన తల్లుల మాట. గుండె జబ్బున్నవాళ్లకు, బిడ్డ ముందే నలతగా ఉన్నప్పుడు అదే వర్తిస్తుందని ఎవరూ అనడం లేదు. ఆచరణలో కాస్తయినా వంచడం మానలేదు.

ఇరుకు వాల్వు, వైకుంఠం క్యూ

వదిన ఎకోలో తేలింది మైట్రల్ స్టెనోసిస్. ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన రక్తం గుండెలో ఎడమ పై గది నుంచి కింది గదికి దిగే చోట ఉండే వాల్వు ఇరుకైపోవడం. ఆ తోవ మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఒకటిన్నర, అంతకన్నా తక్కువైతే తీవ్రం కింద లెక్క. వదినకు 1.3. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనకే కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చి తగ్గిపోతుంది, ఇంట్లో అందరూ మరిచిపోతారు. వాల్వు మాత్రం మరిచిపోదు. ఇది రుమాటిక్ గుండె జబ్బు. మన దేశంలో గర్భిణుల్లో బయటపడే గుండె జబ్బుల్లో ముందు వరసలో ఉండేది ఇదే.

తిరుపతివాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గేటు సగమే తెరుచుకుంటోంది అనుకోండి. ఎంతమంది లోపలికి పోతారన్నది రెండింటి మీద ఉంటుంది: గేటు ఎంత వెడల్పుగా తెరుచుకుంది, ఎంతసేపు తెరిచి ఉంది. వెడల్పు మన చేతిలో లేదు. సేపు మాత్రం నాడి చేతిలో ఉంది.

నాడి 75 ఉంటే ఒక్కో కొట్టుకు 0.8 సెకను. అందులో దాదాపు 0.3 ముడుచుకోవడానికి పోతే, 0.5 సెకను గేటు తెరిచి ఉంటుంది. నిమిషం మొత్తం మీద 37 సెకన్లు. నాడి 120 అయితే ఒక్కో కొట్టుకు అర సెకనే. ముడుచుకునే సమయం పెద్దగా తగ్గదు, దాదాపు 0.27 అనుకుందాం. మిగిలింది 0.23. నిమిషానికి 28 సెకన్లు కూడా లేదు. రావాల్సిన జనం చూస్తే మామూలుకు ఒకటిన్నర రెట్లు. వెనక కంపార్ట్‌మెంట్లు నిండిపోతాయి. ఇక్కడ వెనక కంపార్ట్‌మెంట్లంటే ఊపిరితిత్తులు. వాటిలో నీరు చేరితే మనిషి పడుకోలేక, కూర్చుని ఎగపోస్తుంది.

అంటే వదిన విషయంలో బీపీ 120/80 ఉండి, నాడి 120 ఉంటే అది బాగున్నట్టు కాదు. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క వాక్యం. వరండాలో నాకు తట్టలేదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరాలి. గుండె జబ్బుంది కాబట్టి సిజేరియన్ అనుకుంటారు చాలామంది. గుండె జబ్బు ఒక్కటే చాలాసార్లు సిజేరియన్‌కు కారణం కాదు. నొప్పి తెలియకుండా చేసి మామూలు కాన్పు చేయడమే చాలామందికి మేలని మార్గదర్శకాలు చెబుతాయి. వదినకు సిజేరియన్ మాట వచ్చింది బిడ్డ ఎదురుకాళ్ల వల్ల.

టేబుల్ పక్కన ఏమేం ఉంటాయి

ఎవరికైనా పెట్టేవి మూడు: ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు, చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు. వేలి క్లిప్పు ఆక్సిజన్ శాతం చెబుతుంది. దానికి తగ్గట్టు యంత్రం కూత కూడా మారుతుంది, శాతం దిగేకొద్దీ స్వరం కిందికి జారుతుంది. వేరే పనిలో ఉన్న డాక్టరు తల తిప్పకుండానే చెవితో పట్టేది దాన్నే. పూర్తి మత్తు ఇస్తే ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం తోడవుతుంది. అది ఊపిరి కోసం పెట్టిందే అయినా, గుండె తోడే రక్తం హఠాత్తుగా తగ్గితే అక్కడా అంకె పడిపోతుంది.

స్పైనల్ తర్వాత చాలామందికి వణుకు వస్తుంది. పళ్లు టకటకలాడేంత వణుకు. అప్పుడు బీపీ పట్టీ ఉబ్బుతుంది, దిగుతుంది, అంకె దొరక్క మళ్లీ ఉబ్బుతుంది. ఈసీజీ గీతంతా గజిబిజి అవుతుంది. ఆరోగ్యమైన గుండెకు ఆ ఒకటి రెండు నిమిషాల చీకటి ఫరవాలేదు. ఇరుకు వాల్వుకు అది చాలా ఎక్కువ సమయం.

అందుకే వదినకు మణికట్టు దగ్గర ధమనిలో సన్నని గొట్టం పెట్టారు. ఆర్టీరియల్ లైన్ అంటారు. ప్రతి కొట్టుకూ బీపీ అల తెర మీద కనబడుతుంది. నడుముకు ఒకేసారి ఇచ్చే స్పైనల్ బదులు సన్నని ట్యూబు ద్వారా కొంచెం కొంచెంగా మందు ఎక్కించే ఎపిడ్యూరల్ ఎంచుకున్నారు. బీపీ ఒక్కసారిగా కూలితే గుండె పరిగెత్తుతుంది, అది పరిగెత్తకూడదు కాబట్టి. కొన్ని గుండె జబ్బుల్లో పూర్తి మత్తే నయమనే డాక్టర్లూ ఉన్నారు. ఏ లోపం, ఎంత తీవ్రం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

యంత్రాలు ఎక్కువైతే భద్రత ఎక్కువా?

మెడ సిరలోంచి గుండె కుడి భాగం దాటి ఊపిరితిత్తుల ధమని దాకా పంపే స్వాన్-గాంజ్ క్యాథెటర్ 1970లో వచ్చింది. గుండె తోడే రక్తాన్ని నేరుగా కొలిచే సాధనం చేతికి రావడంతో కొన్ని దశాబ్దాలు విరివిగా వాడారు. తర్వాత ఐసీయూల్లో, పెద్ద ఆపరేషన్లలో జరిగిన పెద్ద పరిశోధనల్లో అది పెట్టడం వల్ల ఎక్కువమంది బతికారని తేలలేదు. గుండె లయ తప్పడం, నాళానికి గాయం కావడం లాంటి దాని ముప్పులు దానికున్నాయి. గర్భిణులకు ఇప్పుడు అరుదుగానే పెడుతున్నారు. మెడ దగ్గర కొలిచే సీవీపీ (పెద్ద సిరలోని పీడనం) అంకె చూసి సెలైన్ ఎంత ఎక్కించాలో నిర్ణయించే పాత పద్ధతి కూడా నమ్మదగింది కాదని తేలింది.

వాటి స్థానంలోకి ఎకో వస్తోంది. ఛాతీ మీద పెట్టి చూసే ఎకోకు గుచ్చడం ఉండదు, మెలకువగా ఉన్నా చేయవచ్చు. గర్భిణి ఎడమకు ఒరిగి ఉండటం బొమ్మ కనబడటానికి మేలే చేస్తుంది. కానీ చేసే చేయి బాగుండాలి, పైగా అది ఆ క్షణపు బొమ్మే. గొంతులోంచి పంపే ఎకో ఆపరేషన్ పొడవునా చూపిస్తుంది, అయితే సాధారణంగా పూర్తి మత్తులోనే కుదురుతుంది. ఛాతీ మీద స్టిక్కర్లతో, వేలికి పట్టీతో గుండె తోడే రక్తాన్ని అంచనా కట్టే యంత్రాలూ ఉన్నాయి. అవి చెప్పే అసలు అంకె కన్నా, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ఎక్కువ పనికొస్తుంది.

ముందే లైన్లన్నీ పెట్టుకుంటే అత్యవసరంలో చేతులు ఖాళీగా ఉంటాయని ఒక వర్గం అంటుంది. ప్రతి గొట్టమూ ఒక గాయమే, అంకె చూసి చేయబోయేది ఏదైనా మారుతుందంటేనే పెట్టాలని ఇంకో వర్గం. నాకు రెండో మాట సబబుగా అనిపిస్తుంది. మొదటి మాట అనేవాళ్లు అర్ధరాత్రి కేసులు చూసినవాళ్లని మాత్రం ఒప్పుకోవాలి.

కాన్పు కాని ఆపరేషన్లలో

గర్భంతో ఉండగా అపెండిక్స్, పిత్తాశయంలో రాళ్ల లాంటివీ వస్తాయి. ఆగగలిగేవి కాన్పు తర్వాతకు, ఆగలేనివి వీలైతే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు. అత్యవసరమైతే నెల చూడరు. బిడ్డ బయట బతకగల నెలలు రాకముందు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. ఆ నెలలు వచ్చాక కనీసం ముందూ తర్వాతా కాసేపు ఎలక్ట్రానిక్ రికార్డింగ్ తీస్తారు, కుదిరితే మధ్యలోనూ. నిమిషానికి 110 నుంచి 160 ఉండాల్సిన ఆ చప్పుడు తల్లి రక్తప్రసరణకు కూడా ఒక మీటరే.

గుండెకే ఆపరేషన్ కావాల్సి వస్తే లెక్క బరువెక్కుతుంది. గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తానే చేసే హార్ట్-లంగ్ మెషీన్ మీద చేసే ఆపరేషన్లలో తల్లికున్న ముప్పు కన్నా బిడ్డను కోల్పోయే అవకాశం చాలా ఎక్కువ. అందుకే యంత్రం తోడే రక్తం, పీడనం మామూలుకన్నా ఎక్కువగా ఉంచుతారు, ఒళ్లు బాగా చల్లబడనివ్వరు. ఇరుకు మైట్రల్ వాల్వుకు మాత్రం ఆ అవస్థ చాలామందికి తప్పింది. తొడ సిరలోంచి బెలూన్ పంపి వాల్వును తెరిచే పద్ధతిని జపాన్ డాక్టరు కాంజీ ఇనోవే 1980ల్లో తెచ్చారు. వాల్వు ఆకృతి అనుకూలిస్తే గర్భంతో ఉండగానే, పొట్టకు ఎక్స్‌రే తగలకుండా అడ్డుపెట్టి చేస్తారు.

ఆ ఫారం మీద హై రిస్క్ అంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను సవరించి గుండె జబ్బున్న గర్భిణులను ఒకటి నుంచి నాలుగు తరగతులుగా చూస్తారు. ఒకటంటే ముప్పు దాదాపు మామూలే. నాలుగంటే గర్భమే ప్రాణాంతకం కావచ్చు. తీవ్రమైన మైట్రల్ స్టెనోసిస్ పై తరగతుల్లో ఉంటుంది. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి తిరుపతికో వెల్లూరుకో రాసి పంపేది ఈ తరగతులను చూసే. కాన్పు డాక్టరు, గుండె డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఒకే కప్పు కింద ఉండాలి. ఐసీయూ మంచం కూడా ఖాళీగా ఉండాలి. పెద్దమ్మ భయపడ్డ సంతకం వెనక ఉన్నది ఈ ఏర్పాటే. కాగితం చేతికిచ్చే మనిషి రెండు నిమిషాలు ఆగి ఈ మాట చెప్పి ఉంటే వరండాలో అంత ఏడుపు ఉండేది కాదు.

బిడ్డ ఏడ్చాక మొదలయ్యే గండం

ఆపరేషన్ రోజు బిడ్డను తెచ్చి చూపించారు. ఆడపిల్ల. స్వీట్లకు మనిషిని పంపేశారు కూడా. లోపల మత్తు డాక్టరు మాత్రం అప్పుడే ఎక్కువ బిగుసుకుని కూర్చున్నానని తర్వాత చెప్పారు. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుంటుంది, అందులోని రక్తం అరలీటరు దాకా తిరిగి ప్రసరణలోకి వస్తుంది. ఇన్నాళ్లూ నలిగిన పెద్ద సిర తెరుచుకుంటుంది. ఇరుకు గేటు ముందుకు ఒక్కసారిగా కొత్త జనం. రక్తస్రావం ఆగడానికిచ్చే ఆక్సిటోసిన్‌ను గబుక్కున ఎక్కిస్తే బీపీ పడి నాడి పరిగెత్తుతుంది. అందుకే డ్రిప్‌లో మెల్లగా ఇచ్చారు. రక్తస్రావం ఆపే మిగతా మందుల్లో మెథర్జిన్ బీపీని పెంచుతుంది, కార్బోప్రోస్ట్ ఊపిరితిత్తుల నాళాల్లో పీడనం పెంచుతుంది, కాబట్టి వాటి జోలికి పోలేదు. ఒంట్లో చేరిన నీరు నాళాల్లోకి తిరిగి రావడం రెండు మూడు రోజులు సాగుతుంది. కాన్పు తర్వాత ఐసీయూలో ఉంచేది అందుకే.

"బిడ్డ బయటికొచ్చేసింది కదా, ఇంకా చేతికి ఆ వైరు ఎందుకు?" అని పెద్దమ్మ రెండో ప్రశ్న వేసింది. ఈసారి క్యూ కాంప్లెక్స్ కథ మొత్తం చెప్పాను. విన్నాక ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున వదిన మణికట్టుకు లైన్ తీసేసి దూది పెట్టి ప్లాస్టర్ వేశారు. లోపలికి ఒక్కరినే పంపుతామంటే పెద్దమ్మ వెళ్లింది. సిస్టర్ తనంతట తానే "బీపీ బాగుందమ్మా" అంది. పెద్దమ్మ మానిటర్ వైపు తల ఎత్తి, "అది సరే, నాడి ఎంతుంది?" అని అడిగిందట. 82.